ఇల్లు ఇరకటం, ఆలి మర... టమా, తమా?

బరంపురం కోడలు:
మొన్న ఆదివారం మా చిన్నదానికి మూడేళ్ళు నిండాయి. ఉండేది రెండు గదుల అద్దె ఇల్లు. పిల్లలు పద్నాలుగు మంది వచ్చారు, వాళ్ళ వెనక అమ్మలు, ఇద్దరు తాతలు. మంచం ఎత్తి గోడకి నిలబెట్టాం. బీరువా కదలదు కాబట్టి బెలూన్లు దానికే కట్టాం. కేకు పెట్టడానికి బల్ల లేదు. కుట్టుమిషన్ తల లోపలికి దించేసి, పైన పాత పట్టుచీర పరిచి, దాని మీద పెట్టాను. అంతా కుదిరిందనుకుంటే ఒక బుడతడు మిషన్ కిందకి దూరి కాళ్ళ పలక తొక్కడం మొదలెట్టాడు. పైన కేకు మీద మూడు కొవ్వొత్తులూ ఊగుతున్నాయి. ఒక చేత్తో కేకు, ఇంకో చేత్తో పిల్లని పట్టుకుని, కాలితో వాణ్ణి బయటికి తోస్తున్నాను. గుమ్మంలో చెప్పుల కుప్ప పక్కన కుర్చీ వేసుక్కూర్చున్న మా అత్తయ్య నవ్వుతూ "ఇల్లు ఇరకటం, ఆలి మర..." అంది. సరిగ్గా అప్పుడే బెలూన్ పేలింది.

చివరి ముక్క మర్కటమా, మరకతమా? నిన్నటి నుంచీ ఇదే గోల నా బుర్రలో. పక్కింటి ఒడియా ఆంటీ ఏమన్నారని అడిగితే "ఇల్లు చిన్నది అంటున్నారు" అని సర్దేశాను.

పర్లాకిమిడి మాస్టారు:
ఇందులో సందేహం ఏముందమ్మా. ఆ సామెత నిలబడిందే అంత్యప్రాస మీద. ఇరకటం, మరకటం. మర్కటంలో ర్క పలకలేక మధ్యలో ఒక అకారం దూర్చారు. రత్నం రతనం కాలేదూ, యత్నం జతనం కాలేదూ? దీన్ని స్వరభక్తి అంటారు. మరకతం అన్నారంటే ప్రాస పోయింది.

జయపురం:
ప్రాస కోసం ఇంటావిణ్ణి కోతిని చేసేస్తారా మాస్టారూ? మా అమ్మ ఎప్పుడూ మరకతమనే అనేది. ఇల్లు ఇరుకే, ఇల్లాలు మాత్రం పచ్చ. ఎంత బాగుంది!

పర్లాకిమిడి మాస్టారు:
బాగుండడం వేరు, ఉండడం వేరు. మీ అమ్మగారు దయగల మనిషి, అంతే.

రాయగడ పంతులమ్మ:
మర్కటం అంటే తిట్టని ఎందుకనుకుంటున్నారో నాకు అర్థం కాదు. మేం పెళ్ళయిన కొత్తలో ఒక గది క్వార్టర్‌లో ఉన్నాం. పొయ్యి దగ్గరికి వెళ్ళాలంటే ట్రంకు పెట్టె దాటాలి, నీళ్ళ బిందె దాటాలి, పడుకున్న మరిదిని దాటాలి. ఇల్లు ఇరుకైతే ఇల్లాలు గెంతక ఏం చేస్తుంది? సామెతలో మొదటి సగం కారణం, రెండోది ఫలితం. కేకు, పిల్ల, కాలితో తన్నులు... మీ అత్తగారు కళ్ళకి కనిపించింది చెప్పారు. పైగా మర్కట కిశోర న్యాయం కూడా కలిసింది, చంకలో పిల్ల ఉంది కదా.

పర్లాకిమిడి మాస్టారు:
అక్కడే పొరబడ్డారు. పిల్ల తల్లిని కరుచుకుని ఉంటే మర్కట కిశోరం. తల్లే పిల్లని పట్టుకుంటే మార్జాల కిశోరం. "పిల్లని పట్టుకుని" అని ఆవిడే రాశారు చూడండి. ఇది పిల్లి న్యాయం.

రాయగడ పంతులమ్మ:
మూడేళ్ళ పిల్ల, అంత గోలలో, అమ్మ మెడ పట్టుకోకుండా ఉంటుందా మాస్టారూ? మీరు పిల్లల్ని ఎత్తుకున్నట్టు లేదు.

సిరోంచ నుంచి:
మా దిక్కు ఆలి అన్న మాటే వినపడది, పెండ్లాం అంటం. ఆలి అంటే నాకు వేమనే యాదికొస్తడు. "ఆలి మాటలు విని అన్నదమ్ముల బాసి, వేరె పోవువాడు వెర్రివాడు, కుక్క తోక బట్టి గోదావరీదునా..."

జయపురం:
బాసి కాదన్నా, రోసి.

సిరోంచ నుంచి:
బాసి అంటే విడిచిపెట్టి. రోసి అంటే అసహ్యపడి. వేరు పోయేటోడు ముందు విడిచిపెడతడా, అసహ్యపడతడా?

జయపురం:
ముందు అసహ్యం పుట్టాకే కదా విడిచేది. బాసి అంటే మళ్ళీ "వేరె పోవువాడు" ఎందుకు? రెండుసార్లు విడిచినట్టు అవుతుంది. వేమన మాట వృథా చేయడు.

పర్లాకిమిడి మాస్టారు:
1829లో బ్రౌన్ దొర అచ్చేయించిన నాటికే వేమన పద్యాలకి ఊరికో పాఠం, నోటికో పాఠం. ఇది మీరిద్దరూ తేల్చేది కాదు.

సిరోంచ నుంచి:
సరే, కుక్క తోక సంగతి చెప్త. మా ఊరు ప్రాణహిత గోదావరిల కలిసే కాడ ఉంటది, అవతల ఒడ్డు కాళేశ్వరం. కుక్క మంచిగ ఈదుతది, దానికేం కాదు. తోక పట్టుకుంటే మాత్రం ఎనక్కి తిరిగి కరుస్తది. నేను చిన్నప్పుడు వాగుల పట్టి చూసిన. వేమన చెప్పింది మునుగుడు గురించి అనుకుంటరు అందరు, నాకైతే కరుసుడు గురించే అనిపిస్తది.

బరంపురం కోడలు:
నా ప్రశ్న ఏమైంది?

గుణుపురం:
అక్కా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. అత్తయ్యగారికి ముందు పళ్ళు ఉన్నాయా?

బరంపురం కోడలు:
పైన రెండు లేవు. ఎందుకు?

గుణుపురం:
అయితే తేలిపోయింది. త దంత్యం, నాలుక పంటికి తగలాలి. ట మూర్ధన్యం, నాలుక పైకి మడతపడుతుంది, దానికి పళ్ళతో పని లేదు. పళ్ళు లేనివాళ్ళ నోట ట ఖంగుమని వస్తుంది, త మాత్రమే జారిపోతుంది. మీకు వినపడలేదు అంటే ఆవిడ అన్నది త. మరకతం. అభినందనలు.

పర్లాకిమిడి మాస్టారు:
వినపడకపోవడానికి కారణం బెలూన్ నాయనా, పళ్ళు కాదు. మా నాయనమ్మకి ఒక్క పన్ను లేదు, చిగురుకి నాలుక ఆనించి తాంబూలం అని చక్కగా అనేది.

గుణుపురం:
తాంబూలంలో త మొదట్లో ఉంది మాస్టారూ, మరకతంలో చివర్న.

జయపురం:
గుణుపురం తమ్ముడూ, శభాష్!

రాయగడ పంతులమ్మ:
పోనీ ఒడియా వైపు నుంచి చూద్దాం. వాళ్ళు కోతిని మాంకడ అంటారు, అదీ మర్కటం నుంచి వచ్చిందే. మన ప్రాంతంలో పొద్దున లేస్తే చెవిన పడే మాట. ఈ చుట్టుపక్కల పెరిగిన పెద్దావిడ నోట కోతి రావడమే సహజం. మరకతం ఇంట్లో ఎవరికుంది, మాటవరసకి రావడానికి?

బరంపురం కోడలు:
పంతులమ్మగారూ, మీరు నా పక్షమో అత్తయ్య పక్షమో తెలియడం లేదు.

గుణుపురం:
మాస్టారు నిఘంటువు వైపు నుంచి వస్తున్నారు. వారి ఊళ్ళోనే ఉండి గిడుగు రామమూర్తి గారు ఏం చేశారు? సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ నోట వచ్చినట్టే రాసుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అలా వచ్చినవే. పలికిన మనిషిని అడగాలి గానీ ప్రాసని అడిగితే ఏం లాభం?

పర్లాకిమిడి మాస్టారు:
గిడుగు వారి పేరు నాకే చెప్తున్నావా? 1936లో మా ఊరిని ఒరిస్సాలో కలిపారని ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం ఇక్కడే ఉండి ఈ తెలుగు పట్టుకుని వేలాడుతున్నాం. అదీ మర్కట కిశోర న్యాయమే అనుకో. అయితే ఒకటి ఒప్పుకుంటాను, ఆవిణ్ణే అడగడం మంచిది.

సిరోంచ నుంచి:
అడిగేలోపు నాకొక్కటి చెప్పు చెల్లె, పద్నాలుగు మంది పోరగాండ్లని ఆ ఇంట్ల ఎక్కడ కూసోపెట్టి తినిపించినవ్?

బరంపురం కోడలు:
మేడమెట్ల మీద అన్నా. మెట్టుకి ఇద్దరు చొప్పున ఏడు మెట్లు, లెక్క భలే కుదిరింది. పులిహోర, ఆలూచాప్ పై మెట్టు నుంచి వడ్డించుకుంటూ దిగాను. పక్కింటి ఆంటీ స్టీలు క్యాన్ నిండా ఖిరి తెచ్చారు, అది లేకపోతే వాళ్ళకి పుట్టినరోజే కాదట. పై మెట్టు మీద కూర్చున్నవాడు గ్లాసు ఒంపితే ఖిరి నాలుగు మెట్లు దిగింది. రాత్రి దాకా చీమలు. పెద్దవాళ్ళని ఏడున్నరకి రమ్మని ఉంటే సరిపోయేది, ఒకేసారి పిలవడం నా తప్పే.

జయపురం:
ఖిరీ, మన పాయసం ఒకటేనా?

రాయగడ పంతులమ్మ:
దయచేసి అది ఇక్కడ మొదలెట్టకండి.

బరంపురం కోడలు:
అత్తయ్యని అడిగాను. పొద్దున్న కుట్టుమిషన్ తల పైకి తీసి, చీరకి అంటిన క్రీము గోటితో గీకుతోంది. "మొన్న నన్ను ఏమన్నావ్ అత్తయ్యా, ఇల్లు ఇరకటం తర్వాత?" అన్నాను. తలెత్తి చూసి, "అంత గోలలో నీకు వినపడిందా?" అంది. సగమే వినపడిందన్నాను. "అయితే ఆ సగంతో సరిపెట్టుకో" అని మళ్ళీ చీర మీద పడింది. నవ్వుతోందో లేదో అటు తిరిగి ఉంది, కనపడలేదు.

గుణుపురం:
తిట్టయితే దాచేవారు కాదు. మరకతమే.

పర్లాకిమిడి మాస్టారు:
పొగడ్తయితే దాచడం దేనికి? మర్కటం. అది సరే గానీ అమ్మా, వినపడిన ఆ మొదటి సగం ఇరకటమా, ఇరకాటమా? "ఇరకాటంలో పడ్డ మంత్రి" అని పేపర్లవాళ్ళు సాగదీసి సాగదీసి ఇప్పుడు అందరి నోటా దీర్ఘమే వస్తోంది. ఆవిడ క దగ్గర సాగదీశారా, లేదా? అప్పటికి బెలూన్ పేలలేదు కదా.