పతనంలో అమ్మేవారికి ఏదో తెలిసిందా, లేక డబ్బు అవసరమా?

వేళచ్చేరి వాసి (చెన్నై):
2020 మార్చి 23న ట్రేడింగ్ మొదలైన కాసేపటికే సూచీలు 10 శాతం పడిపోవడంతో మార్కెట్‌ను 45 నిమిషాలు ఆపేశారు. తిరిగి తెరిచాక నా దగ్గరున్న ఒక చిన్న కంపెనీ షేరును చూస్తే, అమ్మకం వైపు వేల షేర్లు బారులు తీరి ఉన్నాయి, తెర మీద కొనుగోలు ఆర్డర్లు చూపే అయిదు వరుసల్లోనూ సున్నాలే. ఆ కంపెనీ గురించి ఆ రోజు కొత్త వార్త ఒక్కటీ రాలేదు. ధరలో సమాచారమంతా ఇమిడి ఉంటుందంటారు కదా, మరి ఆ పతనంలో ఉన్న సమాచారం ఏమిటి?

జయనగరం నుంచి (బెంగళూరు):
మీ కంపెనీకి సంబంధించినది ఏమీ లేకపోవచ్చు. ఆ నెలలో విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు మన షేర్లను నికరంగా 60 వేల కోట్ల రూపాయలకు పైగా అమ్మారు. వారికి కావలసింది డాలర్లు. అప్పు మీద షేర్లు కొన్నవారు మార్జిన్ (హామీగా ఉంచవలసిన సొమ్ము) కట్టలేకపోతే బ్రోకర్లే వాటిని అమ్మేస్తారు, ఆ అమ్మకంతో ధర ఇంకా పడి మరొకరికి మార్జిన్ కాల్ (ఇంకా సొమ్ము కట్టమన్న పిలుపు) వస్తుంది. అదే మార్చిలో భయానికి విరుగుడనుకునే బంగారం కూడా కొన్నాళ్లు పడింది. మంచీ చెడూ తేడా లేకుండా అన్నీ కలిసి పడుతున్నాయంటే, నా దృష్టిలో అది నగదు కటకటే.

మల్లేశ్వరం (బెంగళూరు):
ఏదో తెలిసి అమ్మడం, నగదు కోసం అమ్మడం అన్న విభజన బాగానే ఉంది కానీ, కొనేవారికి ఆ తేడా కనబడదు. మా ఊళ్లో ఎవరైనా సైటును తక్కువకు ఇస్తామంటే ముందు అడిగేది ఏ-ఖాతాయా (నగరపాలక రికార్డుల్లో సక్రమమైనదా), బీ-ఖాతాయా (లోపాలున్నదా) అనే. అమ్మేవారికి నిజంగా కూతురి పెళ్లి ఖర్చే ఉన్నా సరే. మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ సంస్థ బకాయిలు ఎగవేసిన రోజుల్లో, 2018 సెప్టెంబర్ 21న, ఒక మ్యూచువల్ ఫండ్ గృహరుణ సంస్థ డీహెచ్‌ఎఫ్‌ఎల్ రుణపత్రాలను చవకగా అమ్మిందన్న కబురుకే ఆ షేరు ఒక్క రోజులో 40 శాతానికి పైగా కూలింది. అది ఫండ్‌కు వచ్చిన నగదు అవసరమా, లోగుట్టు తెలియడమా అని తేల్చుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకే డీహెచ్‌ఎఫ్‌ఎల్‌ను దివాలా ప్రక్రియకు పంపింది. అనుమానమే కొనుగోలుదారులను తప్పిస్తుంది, వారు తప్పుకోవడంతోనే లిక్విడిటీ (అమ్మగానే కొనేవారు దొరికే వీలు) ఎండిపోతుంది.

జయనగరం నుంచి:
ఒప్పుకుంటాను, అయితే మందును బట్టి జబ్బు కొంత తెలుస్తుంది. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని) 0.75 శాతం తగ్గించి, సీఆర్‌ఆర్‌ను (డిపాజిట్లలో బ్యాంకులు తన దగ్గర ఉంచవలసిన నగదు వాటాను) 3 శాతానికి దించింది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ అప్పటికే బాండ్ల అపరిమిత కొనుగోళ్లు ప్రకటించింది. కరోనా కేసులు పెరుగుతూనే ఉన్నా సూచీలు కోలుకోవడం మొదలైంది. అదే 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు బూటకమని ఆ సంస్థ అధిపతే ఒప్పుకున్నప్పుడు ఎంత నగదు పోసినా ప్రయోజనం ఉండేది కాదు. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్త డైరెక్టర్లను నియమించవలసి వచ్చింది.

వేళచ్చేరి వాసి:
అయితే నేను ఆ రోజు చూడవలసింది నా షేరు ఒక్కదాన్నే కాదు, దానితోపాటు ఇంకేవేవి పడుతున్నాయో కూడా. ఆ మధ్యాహ్నం నా అమ్మకపు ఆర్డరుకు కొనేవారు దొరకలేదు కాబట్టి షేర్లు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. అందులో నా తెలివేమీ లేదు.