డల్లాస్‌లో కొన్న ఇషాపూర్ రైఫిల్: పెయింట్ గీకేయాలా?

పరకాల పోరడు:
మాది పరకాల, ఇప్పుడు ఉండేది డల్లాస్‌లో. ఇక్కడ పాత మిలిటరీ సామాను అమ్మే షాపులో మన దేశపు రైఫిల్ కనిపిస్తే ఆగలేక కొన్నాను. బట్ (భుజానికి ఆనించే వెనక కర్ర) మొదట్లో ఉన్న ఇనుము మీద సింహాల గుర్తు, ఆర్ఎఫ్ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్), 7.62 ఎంఎం 2ఏ1, 1967 అని ఉంది. ఇనుమంతా నల్ల పెయింట్, కర్రకు జిడ్డు. ముందు కర్రలో ఎవరో అడ్డంగా స్క్రూ కొట్టారు. స్క్రూ తీసి, పెయింట్ గీకి, కర్రకు సాండ్‌పేపర్ పడదామనుకుంటున్నా. వీడియో కాల్‌లో చూసి మా నాన్న (ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో రిటైరయ్యారు) "మేం మోసింది ఇదే కదరా" అంటున్నారు. నిజమేనా?

హన్మకొండ ఆర్మరర్ (రిటైర్డ్):
తమ్ముడూ, ముందు ఆ సాండ్‌పేపర్ పక్కన పెట్టు.

నాన్నగారు మోసింది త్రీనాట్‌త్రీ అయ్యుంటుంది. చూడ్డానికి అన్నదమ్ములే. మ్యాగజైన్ చూడు: దానిది అడుగున ఏటవాలుగా ఉంటుంది, పది తూటాలు. నీది డబ్బాలా నలుచదరం, పన్నెండు. చైనా యుద్ధం తర్వాత 7.62 కోసం గట్టి స్టీలుతో ఇషాపూర్‌లో కొత్తగా చేసిన రకం ఇది, పాత త్రీనాట్‌త్రీని మార్చింది కాదు. వెనక సైట్ మీద దూరం అంకెలు 800 మీటర్ల దగ్గర ఆగాయా? దీనికి ముందు రకం 2ఏ అయితే 2000 దాకా ఉండేది.

ఆ స్క్రూ ఎవడో వడ్రంగి కొట్టింది కాదు. కర్ర చీలకుండా మనవాళ్లే వేసేవాళ్లు. తీస్తే ఇషాపూర్ ఆనవాలు పోయినట్టే. నల్ల పెయింట్ కూడా అంతే, ఉండనీ. కర్రను నల్ల ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఎండలో పెట్టు, జిడ్డు చెమటలా బయటికొస్తుంది, గుడ్డతో తుడువు. తర్వాత అవిసె నూనె చేత్తో రుద్దు. వార్నిష్ వద్దు, మెరిసే కర్రను చూస్తే నాకు పెళ్లి మంచమే గుర్తొస్తుంది.

విప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. ముందు కర్ర తీయకుండా, బట్‌ను బిగించే బోల్టు తిప్పకు. ఆ బోల్టు కొస చదరంగా ఉండి ముందు కర్రలోని రేకులో కూర్చుంటుంది, తిప్పావంటే కర్ర చీలుతుంది. బాగున్న రైఫిళ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

పరకాల పోరడు:
థాంక్స్ అంకుల్. బ్యారెల్ మీద ఇక్కడి కంపెనీ పేరు కూడా చెక్కి ఉంది, అసహ్యంగా ఉంది. ఇంకోటి, దసరాకు వచ్చేటప్పుడు నాన్నకు చూపించడానికి తెచ్చే వీలుందా?

కరీంనగర్ వకీలు:
ఆ పేరు జోలికి పోవద్దు. దిగుమతిదారు పేరు వేయాలన్నది అక్కడి చట్టం. ఇక తేవడమా? అస్సలు వద్దు. 7.62 ఇక్కడ నిషేధిత బోర్ (తూటా సైజు), మామూలు లైసెన్స్ మీద కూడా ఉంచుకోలేరు. ఇషాపూర్ వాళ్లు సివిలియన్లకు .315 వేరేగా చేసింది అందుకే. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగునే లగేజీగా తేకండి. మూలన ఒక్క తూటా మిగిలినా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసే. నాన్నగారికి ఫొటోలు చాలు.

పరకాల పోరడు:
అర్థమైంది సార్. అంకుల్, ఇప్పుడే చూశా, తూటాను లోపలికి తోసి మూసే బోల్టు పిడి మీది నంబరు, బాడీ మీది నంబరు వేర్వేరు.

హన్మకొండ ఆర్మరర్ (రిటైర్డ్):
అయితే బోల్టు ఎక్కడో మారింది. గన్‌స్మిత్ గేజ్ పెట్టి హెడ్‌స్పేస్ (బోల్టు మూసినప్పుడు తూటాకు దొరికే చోటు) చూసేదాకా ఒక్క రౌండ్ కూడా కాల్చకు. ఇదివరకే దీంతో కాల్చిన తూటా ఖోకా ఒకటి దొరికితే, అడుగు అంచుకు కొంచెం పైన చుట్టూ తెల్లటి గీత ఉందేమో చూసి ఫొటో పెట్టు.