పాత నవల, దాని సినిమా, ఇవాళ్టి వార్త: మూడూ ఒకే సమీక్షలో ఎలా?

అట్టవెనక:
యండమూరి వీరేంద్రనాథ్ ‘అభిలాష’ నవల మీదా, దాని ఆధారంగా 1983లో ఎ. కోదండరామిరెడ్డి తీసిన సినిమా మీదా కలిపి 900 మాటల్లో సమీక్ష రాయాలి. ఉరిశిక్ష పోవాలని పట్టుబట్టే లాయరు కథ కాబట్టి ఇప్పటి చర్చ రాకుండా కుదరదు. చిత్తుప్రతిలో కథే 400 మాటలు తినేసింది. చివర్లో వార్తల పేరా అతుకు వేసినట్టు కనిపిస్తోంది. కథ ఎంతవరకు చెప్పాలి? సినిమాతో పోలిక ఎక్కడ పెట్టాలి? సెక్షన్లు అప్పటివి రాయాలా, ఇప్పటివా?

మార్జిన్‌లో పెన్సిల్:
కథకు 150 మాటలు చాలు. లాయరు తన వాదన రుజువు చేయడానికి ఒక పథకం వేస్తాడు అన్నంతవరకు చెప్పండి. అది ఎక్కడ బెడిసికొట్టిందో చెప్పేస్తే చదవబోయేవాళ్లకు మిగిలేది ఉండదు, ఈ కథకు ఊపిరి అక్కడే ఉంది. 400 మాటలు ఎందుకయ్యాయంటే మీరు సంఘటనల వరుసలో రాశారు. వరుస వదిలేసి ‘ఈ మనిషికి ఏం కావాలి, దానికి అడ్డం ఏమిటి’ అనే రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. సారాంశం దానంతటదే కుదించుకుపోతుంది.

నవల రెండుసార్లు చదవాలి. మొదటిసారి ఏమీ రాసుకోవద్దు. రెండోసారి మాత్రం ప్రతి నోటుకూ పేజీ నంబరు వేసుకోండి, దాంతోపాటు మీ చేతిలో ఉన్నది ఎన్నో ముద్రణో కూడా. పాపులర్ నవలలు చాలాసార్లు అచ్చయ్యాయి, అక్షరాల సైజు మారితే పేజీలూ మారతాయి. ముద్రణ చెప్పకుండా ‘112వ పేజీలో’ అంటే పాఠకుడికి ఆ వాక్యం దొరకదు. కొన్ని పుస్తకాల్లో మార్పు అంతకంటే పెద్దది: ‘కన్యాశుల్కం’ 1897 ప్రతి వేరు, 1909 ప్రతి వేరు. ఒకదాన్ని చదివి ఇంకోదాని మీద తీర్పు చెబితే సమీక్ష మొత్తం తప్పుతుంది.

ఉటంకింపులు రెండు మూడు చాలు, ఒక్కోటి 30 మాటలు మించకుండా. జ్ఞాపకం మీద రాయకండి, పుస్తకం ముందు పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి.

రీలు పెట్టె:
సినిమా వైపు నుంచి. ముందు మీరు చూసిన కాపీ పూర్తిదేనా అన్నది తేల్చుకోండి. ఆన్‌లైన్‌లో ఉన్న పాత సినిమాల్లో పాటలో, సీన్లో ఎగిరిపోయి ఉంటాయి. సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ కనిపిస్తే దాని మీద నిడివి మీటర్లలో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. మీటర్లను 27.4తో భాగిస్తే అసలు నిమిషాలు వస్తాయి: 4,000 మీటర్లంటే దాదాపు 146 నిమిషాలు. టీవీ కోసం సెకనుకు 25 ఫ్రేములకు మార్చిన కాపీ అయితే 4 శాతం వేగంగా నడిచి 140 నిమిషాలకు ముగుస్తుంది, అది కోత కాదు. అంతకంటే బాగా తగ్గితే మాత్రం ‘ఈ పాత్రను సినిమాలో సగంలో వదిలేశారు’ లాంటి మాట రాయకండి. వదిలేసింది దర్శకుడు కాకపోవచ్చు.

పోలికను విడి పేరాగా పెట్టొద్దు. మూడు సన్నివేశాలు ఎంచుకోండి: నవల నుంచి తీసేసింది ఒకటి, సినిమా చేర్చింది ఒకటి, రెండింట్లోనూ ఉండి బరువు మారింది ఒకటి. మూడోదే అన్నిటికంటే పనికొస్తుంది. నవలలో లాయరు మనసులో నడిచే తర్కం తెరమీద మాటగానో చేష్టగానో మారాలి. ఆ మార్పులో ఏం పోయింది, ఏం వచ్చింది అన్నదే పోలికకు మీరిచ్చే 250 మాటలు. ‘నవల అంత బాగా లేదు’ అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు.

పేర్లు చూసి సంబంధం కట్టే పొరపాటు కూడా మన సమీక్షల్లో తరచుగా కనిపిస్తుంది. 1938 నాటి ‘మాలపిల్ల’ సినిమా ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నవల నుంచి తీసింది కాదు, దాని కథ రచయిత చలానిది. 1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’ సినిమాకూ బుచ్చిబాబు నవలకూ పేరొక్కటే ఉమ్మడి, ఆ సినిమా ఒక బెంగాలీ చిత్రానికి రీమేక్. టైటిల్స్ ఆపి ఆపి చదవండి.

కోర్టు మెట్లు:
సెక్షన్ల సంగతి. పాత్రలు అన్నది అన్నట్టే ఉంచండి, అంటే ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 302, హత్యకు శిక్ష చెప్పే సెక్షన్. మీ సొంత వాక్యంలో మాత్రం ఒకసారి చెప్పాలి: 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకు శిక్ష అందులో 103లో ఉంది. వార్తల్లోని కేసు ప్రస్తావిస్తే నేరం జరిగిన తేదీ చూడండి. అది ఆ రోజుకు ముందైతే తీర్పు ఇవాళ వచ్చినా 302 కిందే వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ‘302 రద్దు’, ‘ఉరిశిక్ష రద్దు’ ఒకటి కావు. 302లో మరణశిక్ష లేదా యావజ్జీవం అని రెండూ ఉన్నాయి, సెక్షన్ మొత్తం తీసేస్తే హత్యకు శిక్షే ఉండదు. పైగా మరణశిక్ష రాజ్యంపై యుద్ధానికి 121లోనూ, హత్యతో కూడిన బందిపోటు దోపిడీకి 396లోనూ ఉండేది. పాత్ర ఆవేశంలో సెక్షన్ నంబరు పలకొచ్చు, సమీక్షకుడు పలకకూడదు.

ఆ కాలపు వాదన ఎక్కడుందో కూడా చూపించండి, అప్పుడే నవల గాల్లోంచి ఊడిపడినట్టు ఉండదు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 354(3) వల్ల ఉరి వేయాలంటే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాల్సి వచ్చింది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్ష చెల్లుతుందంటూనే ‘అత్యంత అరుదైన’ కేసులకు పరిమితం చేసింది. జస్టిస్ భగవతి ఒక్కరే విభేదించారు. సినిమా వచ్చిన 1983లోనే మిథు కేసులో ఐపీసీ 303ను కొట్టేశారు. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్ప వేరే శిక్ష లేదన్న సెక్షన్ అది. ఇటువైపు 2015లో లా కమిషన్ 262వ నివేదిక ఉగ్రవాద నేరాలు, దేశంపై యుద్ధం మినహా మిగతావాటికి ఉరి తీసేయమంది. అయినా కొత్త సంహిత ఉంచింది, అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది గుంపుగా చేసే కొన్ని హత్యలకు 103(2)లో విడిగా చేర్చింది కూడా.

ఎన్‌కౌంటర్లను ఈ చర్చలోకి లాగకండి, దయచేసి. అక్కడ విచారణా లేదు, తీర్పూ లేదు. అది వేరే వ్యాసం.

అట్టవెనక:
చాలా ఉపయోగం. ఇదంతా పెడితే మళ్లీ 900 దాటిపోతుంది కదా? వార్తల పేరా చివర్లోంచి ఎక్కడికి జరపాలి?

మార్జిన్‌లో పెన్సిల్:
పై వాటిలో రెండు తేదీలే తీసుకోండి: 1980, 2024. మొదటిది కథ చెప్పే 150 మాటల్లోనే, లాయరు దేనితో తలపడుతున్నాడో చెప్పేచోట ఒక్క వాక్యం. రెండోది బరువు మారిన సన్నివేశం పక్కన, ఆ వాదన ఇవాళ ఎంతవరకు నిలబడుతుందో తూచేటప్పుడు. అలా పెడితే విడి పేరా అవసరమే రాదు. మిగిలిన చోటంతా వచనానికి ఇవ్వండి: సంభాషణ ఎలా నడిచింది, ఉత్కంఠ ఏ అధ్యాయంలో సడలింది, వాదన రచయితదా పాత్రదా. మీ చిత్తుప్రతి గురించి చెప్పినదాంట్లో ఈ మూడింటి ఊసు లేదు.