కుర్చీలు సర్దితే ఏమి నేర్చుకున్నట్టు? సేవా శిక్షణకు వెళ్లినవారు చెప్పండి

చిత్తుప్రతి:
సోషియాలజీ రెండో ఏడాది. ఈ సెమిస్టరులో 60 గంటలు ఏదైనా సేవా సంస్థలో పనిచేయాలి. నన్ను వృద్ధాశ్రమానికి పంపారు. 22 గంటలు పూర్తయ్యాయి. వెళ్లేటప్పుడు వయోవృద్ధుల ఒంటరితనం మీద అధ్యయనం చేద్దామనుకున్నాను. చేసిందల్లా హాల్లో కుర్చీలు సర్దడం, మందుల పట్టికను సాఫుగా తిరగరాయడం. నివేదిక మాత్రం పది పేజీలు ఉండాలట. కుర్చీల గురించి పది పేజీలా? మీకు నిజంగా ఏమైనా ఒంటబట్టిందా, సంతకాల కోసమే వెళ్లారా? దాచకుండా చెప్పండి.

నాలుగో బెంచీ:
సంతకాల కోసమే. బడిలో మూడు వారాలు పాఠాలు చెప్పాం. నివేదిక ఒకరు రాస్తే మిగతా ఐదుగురం పేరు మార్చి ఇచ్చాం. ‘పిల్లల్లో చక్కని మార్పు గమనించాం’ అని అందులో ఒక వాక్యం. ఏ మార్పో ఆ రాసినవాడికీ తెలియదు. మార్కులు బాగానే పడ్డాయి.

నల్లకోటు:
నాది న్యాయ సహాయ కేంద్రం. తరగతిలో సెక్షన్లు అప్పజెప్పేవాణ్ని. అక్కడికి వచ్చేవారు అరగంట వేరే సంగతులన్నీ చెప్పి, లేచి వెళ్లబోతూ అసలు విషయం బయటపెడతారు. అది ఏ పుస్తకంలోనూ చదవలేదు. మొదట్లో నేనే తొందరపెట్టి వాళ్ల నోరు మూయించేవాణ్ని. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చిత్తుప్రతి గారూ, ఏ రోజుది ఆ రోజే రాసుకోండి. ఏమి జరిగింది? అయితే ఏమిటి? ఇప్పుడేమి చేయాలి? టెరీ బోర్టన్ అనే విద్యావేత్త 1970లో ఇచ్చిన మూడు ప్రశ్నలివి. మొదటిదానికి అందరూ పేజీలు నింపేస్తారు. రెండోదాని దగ్గరే కలం ఆగుతుంది. ఆగనివ్వండి.

బల్లకు అవతల:
నేను విద్యార్థులను చేర్చుకునే సంస్థలో పనిచేస్తాను. మా గోడు కూడా వినండి. వచ్చిన ప్రతి జట్టుకూ పని నేర్పడానికి మా మనిషి ఒకరు రెండు రోజులు అసలు పని వదులుకోవాలి. నేర్చుకునేసరికి మీ గంటలు అయిపోతాయి. పిల్లలు మీకు అలవాటుపడి, ‘అక్క మళ్లీ ఎప్పుడు వస్తుంది?’ అని మమ్మల్ని అడుగుతారు. సేవ ఎవరు ఎవరికి చేస్తున్నట్టు? 1968లో ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు మెక్సికోలో అమెరికా విద్యార్థుల ముందు నిలబడి, చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు అన్నాడు. కొన్ని రోజులు నాకూ అలాగే అనిపిస్తుంది.

నల్లకోటు:
బాధ అర్థమైంది కానీ, రావద్దనడం పరిష్కారం కాదండీ. ఏ సేవ కావాలో దాన్ని అందుకునేవారి చేతిలోనే ఉండాలని, ఇలాంటి సేవా శిక్షణ గురించి రాసిన రాబర్ట్ సిగ్మన్ 1979లోనే అన్నాడు. మా కళాశాల మిమ్మల్ని అడగకుండానే గంటలు లెక్కగట్టింది. తప్పు అక్కడుంది.

బల్లకు అవతల:
అడిగితే ఏడాదికి ఇద్దరు చాలంటాను. మీవాళ్లు నలభై మందిని పంపుతారు.

చిత్తుప్రతి:
రెండు వారాల తరువాత మళ్లీ వచ్చాను. నేను కుర్చీలను వరుసగా వేసేవాణ్ని కదా, ఒక కుర్చీ మాత్రం రోజూ కిటికీ మూలకు చేరేది. రోజూ తెచ్చి వరుసలో కలిపేవాణ్ని. అందుకు మెచ్చుకున్నారు కూడా! మొన్న ఆ కుర్చీలో కూర్చునే మామ్మగారినే అడిగాను. కుడి చెవి వినిపించదట. ఆ మూలన కూర్చుంటే అందరూ ఎడమ పక్కకు వస్తారట. నేను ఇన్నాళ్లూ ఆవిడను మాటలకు దూరంగా లాక్కొచ్చి కూర్చోబెడుతున్నానన్నమాట. నిన్న ఎవరికి ఎక్కడ కావాలో ఒక్కొక్కరినీ అడిగి వేశాను. గంటన్నర పట్టింది. వరుస చెడిందని పర్యవేక్షకురాలు కోప్పడ్డారు. ఎందుకలా వేశానో ఆవిడకు ఇంకా చెప్పాల్సి ఉంది.

నాలుగో బెంచీ:
పది పేజీలు చాలకపోతే అదనపు కాగితాలు ఇస్తారేమో కనుక్కోండి.