పారిజాతం అన్న పేరు ఆ పువ్వుదేనా?

విజయనగరం నాన్న:
వచ్చే గురువారం మా పాప బారసాల. మా మామ్మ పేరు పారిజాతం, అదే పెడదామనుకున్నాం. మా అత్తగారు ససేమిరా అంటున్నారు. "తెల్లారేసరికి రాలిపోయే పువ్వు. ఆడపిల్లకి ఆ పేరేటి బాబూ?" అంటారు. పేరు ఆ పువ్వు నుంచే వచ్చిందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలకొండ పెద్దాయన:
మీ అత్తగారి మాట తీసిపారేయకండి. దాని శాస్త్రీయ నామంలోనే ఆర్బర్ ట్రిస్టిస్ అని ఉంది, అంటే దిగులు చెట్టు. పిల్లకి ఆ దిగులెందుకు?

ఇచ్ఛాపురం టీచరు:
ఆ దిగులుని 1753లో శాస్త్రీయ నామంలో తగిలించింది స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ బాబాయ్ గారూ, మనది కాదు. పారి అంటే సముద్రం, జాతం అంటే పుట్టింది. పాలసముద్రం చిలికితే వచ్చిన దేవతల చెట్టు అది. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం స్వర్గంలోని ఐదు చెట్లలో దాన్ని లెక్కపెట్టింది. అదే అమరకోశం భూమ్మీది మొక్కల దగ్గరికి వచ్చేసరికి పారిభద్రాన్ని పారిజాతకం అంటుంది. అది ఎర్ర పూల ముళ్ళ చెట్టు, మన పెరట్లో తెల్ల పువ్వు కానే కాదు. ఉత్తరప్రదేశ్‌లోని కింటూర్‌లో జనం పారిజాతమని మొక్కేది ఆఫ్రికా జాతి బావోబాబ్ చెట్టుకి! మూడు చెట్లకి ఒకటే పేరు. పేరు ముందు పుట్టింది, పువ్వుకి తర్వాత అంటుకుంది. మా ఊళ్ళో ఒడియా వాళ్ళు ఈ పువ్వుని గంగశిఉళి అంటారు. బెంగాల్లో శిఉలి, శెఫాలి. అక్కడ శెఫాలి అని ఆడపిల్లలకి ముచ్చటగా పెట్టుకుంటారు.

పాలకొండ పెద్దాయన:
అమరకోశం ఎంతమంది చదివారమ్మా? పేరు వినగానే మా వీధిలో అందరికీ గుర్తొచ్చేది రాలే పువ్వే. అర్థం వినేవాళ్ళ మనసులో ఉంటుంది.

పార్వతీపురం అప్ప:
ఆ పువ్వే అనుకోండి, ఐతే ఏటి? కింద పడ్డ పూలు దేవుడికి పెట్టం, ఒక్క పారిజాతం తప్ప. మా అమ్మ సాయంత్రమే చెట్టు కింద పేడతో అలికి ఉంచేది. పొద్దున్నే ఆ కాషాయం కాడల పూలు ఒక్కొక్కటీ ఏరి సజ్జలో వేసేవాళ్ళం. చెయ్యి వేసి కొయ్యక్కర్లేకుండా తనంతట తాను దేవుడి దగ్గరికి వచ్చే పువ్వు అనేది. దాన్ని అశుభమంటే నాకు కష్టంగా ఉంటుంది.

విజయనగరం నాన్న:
సముద్రం సంగతి చెబితే అత్తగారు తల ఊపి ఊరుకున్నారు. అలికిన నేల సంగతి మాత్రం రెండోసారి చదివించుకున్నారు. ఇప్పుడు పారిజాత అని పెడదామంటున్నారు. మా మామ్మది పారిజాతం. ఆ సున్నా వదులుకోబుద్ధి కావట్లేదు.