పంటి కొలతను బట్టి మనిషి ఎత్తు చెప్పగలరా? మా బాబాయి విషయంలో సలహా కావాలి

గౌతమిగట్టు:
అందరికీ నమస్కారం. 2022 జూలై గోదావరి వరదలో, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయినప్పుడు, మా బాబాయి లంకలో కట్టేసి ఉన్న గేదెల పలుపులు విప్పడానికి వెళ్ళాడు. గేదెలు ఈదుకుంటూ గట్టెక్కాయి, ఆయన ఎక్కలేదు. ఈ వేసవిలో ఆ లంకకు దిగువన ఇసుకలో ఒక కింది దవడ, రెండు పక్కటెముక ముక్కలు దొరికాయి. పంచనామా అయింది. దవడను పరిశీలించిన ఒకాయన ముందు పళ్ళు కొలిచి, ఈ మనిషి ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు అన్నారు. మా బాబాయి ఐదడుగుల నాలుగంగుళాలు. ఆ మాట విన్న రోజు నుంచి మామ్మ "వాడు కాదు, నా కొడుకు ఎక్కడో బతికే ఉన్నాడు" అంటూ డీఎన్ఏ పరీక్షకు రక్తం ఇవ్వనంటోంది. పంటిలో ఎత్తు తెలుస్తుందన్నది నిజమేనా?

కాకినాడ కాజా:
పద్ధతి ఉన్న మాట నిజమేనండి. నేను దంతవైద్యం చదువుతున్నాను, మాకు పాఠంలో వచ్చింది. 1920లో అర్జెంటీనా దంతవైద్యుడు కర్రేయా చెప్పిన లెక్క. కింది దవడలో ఒక పక్కన మూడు పళ్ళు తీసుకుంటారు: నడిమి కొరుకుడు పన్ను, దాని పక్కది, కోరపన్ను. మూడింటి వెడల్పులు విడివిడిగా మిల్లీమీటర్లలో కొలిచి కూడితే చాపం. మొదటి పంటి లోపలి అంచు నుంచి కోరపంటి బయటి అంచు దాకా తిన్నగా కొలిస్తే జ్యా. ఒక్కోదాన్ని 6తో, 10తో, 3.1416తో గుణించి రెండుతో భాగించాలి, ఎత్తు కూడా మిల్లీమీటర్లలోనే వస్తుంది. చాపం నుంచి గరిష్ఠ ఎత్తు వస్తుంది, జ్యా నుంచి కనిష్ఠ ఎత్తు. మనిషి అసలు ఎత్తు ఆ రెండింటి నడుమ ఉంటుందని ఆయన అన్నాడు. మీకు చెప్పిన ఐదు తొమ్మిది ఆ రెండింటిలో ఏది?

తులం బంగారం:
నేను కంసాలి పని చేసేవాణ్ణి, వైద్యం తెలియదు, కొలతలు తెలుసు. ఆ అంకెలన్నీ గుణించి చూశాను. 94 పైచిలుకు వచ్చింది. అంటే పంటి మీద ఒక్క మిల్లీమీటరు తప్పితే మనిషి మీద తొమ్మిదిన్నర సెంటీమీటర్లు తప్పుతుంది. మిల్లీమీటరులో పదో వంతు తప్పితే సుమారు సెంటీమీటరు! ఉంగరం అంత తేడాతో చేసినా వేలికి పడుతుంది, ఎవరూ వెనక్కి తేరు. ఇసుకలో మూడేళ్ళు ఒరిసిన పన్ను, పైన గార, చేతిలో కాలిపర్స్. ఆ లెక్క మీద నేనైతే ముక్కుపుడక కూడా చేయను.

ఏటిమొగ:
ఇది చదివి అద్దం ముందు నిలబడి నా పళ్ళు కొలుచుకున్నాను. ఆరడుగుల రెండంగుళాలు వచ్చింది. అసలు ఎత్తు ఐదడుగుల ఐదు. మా ఆవిడ ఇంకా నవ్వుతోంది. గౌతమిగట్టు గారూ, మీ బాధలో హాస్యమాడుతున్నానని అనుకోకండి. ఆ లెక్కను నమ్మవద్దని చెప్పడానికే రాశాను.

గౌతమిగట్టు:
అదేమీ లేదండి. కాజా గారూ, ఆ కాగితం నకలు తీసి చూశాను. 18.6 అని, దాని కింద 17.3 అని ఉంది. పక్కన 5.9 అని పెద్దగా రాసి గుండ్రంగా చుట్టారు.

కాకినాడ కాజా:
అయ్యో. 18.6 చాపం, దాన్నుంచి 175 సెంటీమీటర్లు వస్తాయి, అంటే మీకు చెప్పిన ఐదు తొమ్మిది. 17.3 జ్యా, దాన్నుంచి 163 వస్తాయి. అంటే ఐదడుగుల నాలుగంగుళాలే! మీకు గరిష్ఠం ఒక్కటే చెప్పి ఊరుకున్నారు. ఇది మీ బాబాయి గారిదే అయి ఉండవచ్చు.

పళ్ళ డాక్టరమ్మ:
కాజా, తొందరపడకమ్మా. 163కూ 175కూ నడుమ అంటే మన వీధిలో మగవాళ్ళు చాలామంది పట్టేస్తారు. ఐదు తొమ్మిది అని చెప్పి ఆయన కాదనడం ఎంత తప్పో, ఐదు నాలుగు వచ్చింది కనుక ఆయనే అనడమూ అంతే తప్పు.

రాజమహేంద్రవరంలో ఇరవై ఏళ్ళకు పైగా పళ్ళు చూస్తున్నాను. పొడుగు మనిషికి చిన్న పళ్ళు, పొట్టి మనిషికి చేటల్లాంటి పళ్ళు రోజూ కనిపిస్తాయి. కారణం సులువు. కొరుకుడు పళ్ళ తల భాగం నాలుగైదేళ్ళకే తయారైపోతుంది, కోరపంటిది ఆరేడేళ్ళకు. పన్ను చిగురు దాటి బయటికి రాకముందే దాని వెడల్పు ఖాయం. ఆ తరువాత పదేళ్ళ పాటు పిల్లవాడు ఏం తిన్నాడు, ఏ జబ్బు చేసింది, ఎంత సాగాడు అన్న సంగతి ఆ పంటికి తెలియదు. తొడ ఎముక అలా కాదు. మనిషితో పాటు పెరుగుతుంది, ఎత్తులో నాలుగో వంతుకు మించి తనే ఉంటుంది. ట్రాటర్, గ్లెసర్ అనే పరిశోధకులు 1952లో అమెరికన్ల తొడ ఎముకలతో కట్టిన సూత్రంలోనే మూడు సెంటీమీటర్ల పైన అటూ ఇటూ ఉంది. అది కూడా వాళ్ళ జనానికి కట్టింది, మనకు యథాతథంగా సరిపోదు. తొడ ఎముక గతే అది అయితే, పన్ను సంగతి చెప్పాలా?

ఇంటర్‌పోల్ వాళ్ళు విపత్తుల్లో మనిషిని గుర్తించడానికి ప్రధానమని ఒప్పుకునేవి మూడే: వేలిముద్రలు, పళ్ళు, డీఎన్ఏ. ఎత్తు ఆ మూడింటిలో లేదు, పళ్ళు ఉన్నాయి. అందుకని ఆ దవడను ఎత్తు అడగడం మానేసి వేరే ప్రశ్నలు అడగండి. బాబాయి గారు ఎప్పుడైనా పన్ను పీకించుకున్నారా? ఏ వైపు నమిలేవారు?

రిటైర్డ్ హెడ్డు:
డాక్టరమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో వైపు నుంచి చెబుతాను. ఆ ఐదడుగుల నాలుగంగుళాలు ఎవరు కొలిచారు బాబూ? మనిషి కనబడలేదని ఇంటివారు స్టేషనుకు వచ్చినప్పుడు ఎత్తు అడుగుతాం. వాళ్ళు నా వైపు చూసి "మీ అంత ఉంటాడండి" అంటారు. రాసే చెయ్యి "చామనచాయ, ఐదడుగుల నాలుగంగుళాలు" అని రాసేస్తుంది. ఆ నాలుగంగుళాలు నేనే ఎన్నిసార్లు రాశానో. ఆధార్ కార్డులో ఎత్తు ఉండదు. పోలీసు, సైన్యం ఎంపికలకు వెళ్ళినవారికైతే కొలత దొరుకుతుంది, రైతుకు ఎక్కడ దొరుకుతుంది? పైగా శవాన్ని పడుకోబెట్టి కొలిస్తే బతికున్నప్పటి కంటే రెండు సెంటీమీటర్లకు పైగా ఎక్కువే వస్తుంది. ఎత్తు కుదరలేదని వెనక్కి వెళ్ళిపోయి, చేతి మీద పచ్చబొట్టు సంగతి తెలిశాక మళ్ళీ ఏడుస్తూ వచ్చినవాళ్ళను చూశాను.

లేసుదారం:
నరసాపురం నుంచి. మా అత్తయ్య చిన్నప్పటి నుంచి లేసు అల్లేది, దారం పంటితోనే తెంపేది. పై పంటి అంచున చిన్న గాటు పడిపోయింది, చీమ దూరేంత. ఆవిడ ఎత్తు మాకెవరికీ గుర్తు లేదు కానీ ఆ గాటు మాత్రం మనవలకు కూడా తెలుసు. మీ బాబాయి గారు చుట్ట కాల్చేవారా? కిళ్ళీ నమిలేవారా?

గౌతమిగట్టు:
హెడ్డు గారూ, నిజం చెప్పాలంటే ఆ ఎత్తు ఎవరూ కొలవలేదు. ఫిర్యాదు రాసేటప్పుడు నేనే చెప్పాను, నాకంటే కొంచెం తక్కువ అని.

మామ్మను అడిగాను. బాబాయి కింద ఎడమవైపు దవడపన్ను పెళ్ళికి ముందే పీకించుకున్నాడట, ఎవరి దగ్గరో గుర్తు లేదు. అప్పటి నుంచి కుడివైపే నమిలేవాడు. "ఎడమవైపు నమలరా, అన్నం అరగదు" అని ఆవిడ రోజూ పోరేది. చీటీలు, ఎక్స్‌రేలు ఏమీ లేవు. ఫోటోలు ఉన్నాయి కానీ అన్నింటిలోనూ మూతి బిగించే ఉన్నాడు. మా ఇంట్లో ఎవరూ ఫోటోలో పళ్ళు కనిపించేలా నవ్వరు.

పళ్ళ డాక్టరమ్మ:
మన పెద్దవాళ్ళందరూ అంతే. స్టూడియోకు వెళితే కోర్టు బోనులో నిలబడినట్టు నిలబడతారు.

మామ్మ గారు మంచి ఆధారం చెప్పారు. బతికుండగా పన్ను పీకితే ఆ గుంత కొన్ని నెలల్లో ఎముకతో పూడి నున్నగా అయిపోతుంది. చనిపోయాక ఊడితే గుంత తెరుచుకునే ఉంటుంది, అంచులు పదునుగా ఉంటాయి. నమలని వైపు గార ఎక్కువ పేరుకుంటుంది, నమిలే వైపు అరుగుతుంది. ఈ మూడూ చూడమని అర్జీలో రాసి ఇవ్వండి. ముందు పళ్ళకు ఒక్క వేరు మాత్రమే ఉంటుంది కాబట్టి ఇసుకలో తేలిగ్గా జారిపోతాయి. ఎవరైనా వాటిని మళ్ళీ గుచ్చి కొలిచారేమో కూడా అడగండి, అలాగైతే జ్యా కొలత తారుమారవుతుంది. దవడపళ్ళలో ఒకటి చెక్కుచెదరకుండా ఉంటే డీఎన్ఏకు అదే మేలు, పింగాణి పొర కింద గుజ్జు భద్రంగా ఉంటుంది. ఇక ఫోటో. పెళ్ళి వీడియో ఏదైనా ఉందేమో చూడండి, మనవాళ్ళు నవ్వేది అక్కడే.

రిటైర్డ్ హెడ్డు:
దవడ దొరికిన చోట ఇంకా వెతకమని కూడా రాయించండి. ఇసుక తవ్వేవాళ్ళు ఎముకంటే భయపడి పక్కకు విసిరేస్తారు. తొడ ఎముక అక్కడే ఎక్కడో ఉండి ఉంటుంది.

గౌతమిగట్టు:
పది రోజుల తరువాత రాస్తున్నాను, క్షమించండి. మా అక్క పెళ్ళి సీడీ అటక మీద దొరికింది. పాత డీవీడీ ప్లేయరు ఉన్న ఇల్లు వెతకడానికి రెండు రోజులు పట్టింది. తలంబ్రాలప్పుడు బియ్యం బావగారి కళ్ళద్దాల్లో ఇరుక్కుంటే బాబాయి నోరంతా తెరిచి నవ్వాడు. అక్కడ ఆపాను. కింది వరసలో ఎడమవైపు రెండో పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంది. దవడ ఫోటోలోనూ అంతే. ఎడమ దవడపన్ను చోట గుంత పూడి ఉందని స్టేషనులో నోటిమాటగా చెప్పారు.

కాకినాడ కాజా:
అందుకేనా! పన్ను పక్కదాని మీదికి ఎక్కితే విడివిడి వెడల్పులు తగ్గవు కానీ తిన్నని దూరం తగ్గిపోతుంది. 18.6కూ 17.3కూ అంత తేడా అక్కడే వచ్చి ఉంటుంది.

గౌతమిగట్టు:
మామ్మకు చూపించాలా వద్దా అని చాలా ఆలోచించాం. చివరికి ఆవిడే టీవీ ముందుకు వచ్చి కూర్చుంది. ఆ నవ్వు దగ్గర మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసింది. ఏమీ అనలేదు. రాత్రి పడుకోబోయే ముందు, రక్తం ఇవ్వడానికి పరగడుపున వెళ్ళాలా, తిని వెళ్ళవచ్చా అని అడిగింది. సోమవారం కాకినాడ తీసుకువెళ్తున్నాం. తిని వెళ్ళవచ్చు కదండీ?

పళ్ళ డాక్టరమ్మ:
తిని వెళ్ళవచ్చు. మజ్జిగ పట్టుకెళ్ళండి, ఎండలు ఎక్కువగా ఉన్నాయి.