గాలి హెచ్చరిక ఉంటే చిన్న పడవ తీయకూడదా? నిర్ణయం ఎవరిది?

తెరచాప:
వాతావరణ సూచనలో గాలి 18 నాట్లు (గంటకు దాదాపు 33 కిలోమీటర్లు), అలలు 1.5 మీటర్లు, చిన్న పడవలు జాగ్రత్త అని ఉంది. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు నున్నగా ఉన్నాయి. అయినా రేవులో పడవ తీయనివ్వలేదు. సాయంత్రం దాకా ఏమీ కాలేదు కూడా. ఈ హెచ్చరికలకు కట్టుబడాల్సిందేనా? పడవ నడిపేవాడికి కళ్లు లేవా?

చుక్కాని:
గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తోందా? అయితే ఒడ్డు పక్కన నున్నగానే ఉంటుంది. అల పెరగాలంటే గాలి నీటి మీద కొంత దూరం వీయాలి. ఒడ్డు దగ్గర ఆ దూరం ఉండదు, లోపలికి పోయాక తెలుస్తుంది. అక్కడ ఇంజను ఆగితే గాలి మిమ్మల్ని ఇంకా లోపలికే తోస్తుంది.

గాలివాటం:
1.5 మీటర్లంటే మనిషి ఎత్తు కూడా కాదు. దానికే ఇంత హడావిడా?

చుక్కాని:
1.5 అంటే గరిష్ఠం కాదండీ. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు అది. వాటి మధ్య ఎప్పుడో ఒకటి దాదాపు రెట్టింపు ఎత్తున వస్తుంది. గాలి లెక్కా సగటే. 18 అని రాస్తే మధ్యలో విసురు 25 ఉండొచ్చు. 18 నుంచి 25కి పెరిగితే గాలి తోపు కూడా దాదాపు రెట్టింపవుతుంది.

గాలివాటం:
మూడు మీటర్లు వస్తుందని సూచనలో ఉందా? లేదు. రాయనిది నేనెలా చదవాలి?

లంగరు:
ఎత్తు పట్టుకుని కొట్టుకుంటున్నారు. అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లు? 1.5 మీటర్ల అల 10 సెకన్లకొకటి వస్తే పడవ హాయిగా ఎక్కి దిగుతుంది. 4 సెకన్లకైతే నిట్టనిలువుగా వస్తాయి, ముక్కు లేచే లోపే రెండోది మీద పడుతుంది. ఏటి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర మాత్రం ఆ 10 సెకన్లదాన్నీ నమ్మొద్దు. లోతు తగ్గగానే అది లేచి విరుగుతుంది.

గాలివాటం:
ఆ 'రెట్టింపు' ఎక్కడుందో ఇంకా ఎవరూ చూపించలేదు.

చుక్కాని:
మీకు కావలసింది జవాబు కాదు, పడవ తీయడానికి సాకు. మీలాంటివాళ్లు ఇరుక్కుంటే తీయడానికి వచ్చేది మావాళ్లే. రక్షణకు వెళ్లిన మా తమ్ముడు తాడు అందిస్తుంటే రెండు పడవల మధ్య చెయ్యి నలిగింది. ఆ పడవ వాడూ 'మనిషి ఎత్తు కూడా కాదుగా' అన్నవాడే.

గాలివాటం:
మీ తమ్ముడికి అలా జరగడం బాధే. నా సంగతీ వినండి. నాది కిరాయి పడవ. హెచ్చరిక చూసి నేను ఆగాను. పక్కవాడు వెళ్లి, నా మనుషులనే ఎక్కించుకుని, నవ్వుతూ తిరిగొచ్చాడు. ఆపితే అందరినీ ఆపండి, రేవుకి గొలుసు వేయండి, నేనేమీ అనను. మాట విన్నవాడికే నష్టమైతే ఎవడు వింటాడు?

తెరచాప:
అంటే మీరు నిషేధం కావాలంటున్నారా?! నేనింతసేపూ మీరు నా వైపనుకున్నా.

చుక్కాని:
నేను నిషేధం వద్దంటాను. ఐదు మీటర్ల తెరిచిన పడవకీ, పన్నెండు మీటర్ల గది ఉన్న పడవకీ ఒకే గీత ఎలా గీస్తారు? పైగా గొలుసు వేస్తే వెళ్లేవాళ్లు ఇంకో చోటు నుంచి, ఎవరికీ చెప్పకుండా, రేడియో ఆపేసి వెళ్తారు. అప్పుడు ఎక్కడని వెతకాలి?

గాలివాటం:
వెతకడం మీ కష్టం. కిరాయి పోవడం నా కష్టం. నాది ఎప్పుడూ లెక్కలోకి రాదు.

తెరచాప:
రేపటికి 12 నాట్లట, మధ్యాహ్నం పెరుగుతుందట. పొద్దున్నే వెళ్లొస్తే?

లంగరు:
వెళ్లేది సరే, తిరిగొచ్చేది ఎప్పుడు? మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిన వేళకే మొగలో నీరు బయటికి తీస్తుంటే, గాలీ నీరూ ఎదురెదురై అలలు నిటారుగా లేస్తాయి. పోటు వేళలు చూసి, నీరు లోపలికి వస్తున్నప్పుడు మొగ దాటండి. అలా కుదరకపోతే వెళ్లొద్దు.